పదకొండు ఎంబీలో నలభై పాటలు

నవంబర్ 1, శనివారం
ఉదయం 6:10

ఈ రోజు నుంచి కొత్త జీవితం. నాకు కాదు, నా ఫోనుకి.

నిన్న చర్చి క్వయర్ ప్రాక్టీసులో పరువు పోయింది. మా క్వయర్ లీడర్ మేబెల్ గారు కోత పండుగ పాట మొదలుపెట్టబోతూ, "జీవరాజన్నా, రికార్డ్ చేసుకోండి, ఇంటి దగ్గర పాడుకోవడానికి పనికొస్తుంది" అన్నారు. బటన్ నొక్కాను. "స్థలం లేదు" అంది ఫోను. పై గొంతు సోప్రానోలు నవ్వారు. ఆల్టోలు నవ్వారు. టెనర్లు కూడా నవ్వారు, వాళ్లకేం హక్కుందో నాకైతే తెలియదు.

ముప్పై నాలుగేళ్లు రైల్వే స్టోర్స్ డిపోలో స్టోర్‌కీపర్‌గా చేసి రిటైరయినవాణ్ణి. చిన్న బోల్టు నుంచి బోగీ స్ప్రింగు దాకా ప్రతిదానికీ చోటు చూపించినవాణ్ణి. నా జేబులోని వస్తువు నాతో "స్థలం లేదు" అంటుందా!

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ రోసమ్మ, "కొత్తది కొనుక్కోండి, పీడా పోతుంది" అంది. మా అమ్మాయి అక్సా కంప్యూటర్ ఉద్యోగి. వారంలో సగం రోజులు ఇంట్లోంచే ఆఫీసు. "డాడీ, అది ఫోను కాదు, మ్యూజియం" అంది.

కొనను. ఫోటోలు, వీడియోలు అక్సా ఎప్పుడో తన లాప్‌టాప్‌లోకి మార్చేసింది. అయినా ఫోను నిండిందంటే దోషులు యాప్‌లు. లెక్కపెట్టాను. నలభై ఒకటి! అందులో కాకరకాయ వంటల యాప్ ఒకటి. ఎవరు ఎక్కించారో ఒప్పుకోవడం లేదు.

తీర్మానం:
1. క్రిస్మస్ దాకా కొత్త ఫోను కొనను.
2. పని లేని యాప్ ఒక్కటి కూడా ఫోనులో ఉండదు.
3. ఖాళీ అయిన చోటులో ప్రాక్టీసు రికార్డు చేసుకుని, రోజూ గంటసేపు పాడతాను.

మూడోదే ముఖ్యం. కోత పండుగ, అంటే చర్చిలో పంటల కానుకల పండుగ, ఈ నెల 16న. పాట మూడో చరణంలో నాలుగు లైన్లు బేస్, అంటే మగవాళ్ల మంద్ర గొంతు, ఒక్కటే పాడాలి. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ నాలుగు లైన్లు నా స్నేహితుడు సామ్యూల్‌వి. నేను వాడి పక్కన నిలబడి, వాడి వెనకాలే పాడేవాణ్ణి. ఈసారి ఆ లైన్లు నాకిచ్చారు.

జూన్‌లో సామ్యూల్‌కి గొంతు ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఢోకా లేదు, దేవునికి స్తోత్రం. గొంతు మాత్రం పోయింది. ఇప్పుడు గుసగుసగా ఒకటి రెండు మాటలు, అంతే. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు, రోజూ బొల్లారం నుంచి లోకల్ రైల్లో మల్కాజ్‌గిరి వచ్చేవాడు. మా డాబా మీద కూర్చుని నలభై పాటల బేస్ మొత్తం నా ఫోనులో పాడి పెట్టాడు. వాడిది బటన్ ఫోను. నాకేమో సోల్ఫా, అంటే స్వరాల రాత, చదవడం రాదు, చెవితో పట్టుకోవడమే. "స్టోర్‌కీపర్‌వి గద, జాగ్రత్తగ పెట్టు" అన్నాడు. నంబర్లు వేసి పెట్టాను. కోత పండుగ పాట 27. అప్పటి నుంచి సాయంత్రం వాకింగ్‌లో నా చెవిలో వాడే. వాడు పాడుతుంటే నేను కూడా పాడతాను. వాడు లేకుండా ఒక్క లైను కూడా పాడి చూడలేదు.

సాయంత్రం 5:30

సికింద్రాబాద్‌లో ప్యాట్నీ దగ్గర ఫోన్ల షాపు. ఓనరు హేమచంద్ర. మెమరీ కార్డు కొన్నాను. గోరంత ఉంది, అరవై నాలుగు జీబీ అట!

"యాప్‌లు దీంట్లోకి పోతాయా?" అన్నాను.

"సీదా పోవు సార్. ప్రతి యాప్‌కు ఇన్‌స్టాలర్ ఫైల్ అని ఉంటది. గది కార్డుల దాచుకోవచ్చు. ఫోన్ల యాప్ తీసేసినా, మళ్ల కావాల్నంటే కార్డులకెళ్లి ఎక్కించుకోవచ్చు. నెట్ సుత అక్కర్లే."

వినగానే ఒళ్లు పులకరించింది. అచ్చం మా డిపో పద్ధతి! సామాను గోడౌన్‌లో. కావలసినప్పుడు ఇష్యూ. పనయ్యాక రిటర్న్. రిజిస్టర్లో సంతకం. హేమచంద్ర ఇంకేదో చెప్పబోయాడు గానీ, అప్పటికే నేను డిపో గురించి మొదలుపెట్టాను. పాపం, ఓపిగ్గా విన్నాడు.

నవంబర్ 2, ఆదివారం
మధ్యాహ్నం 2:00

ఆరాధన అయింది. బిర్యానీ అయింది. ఇక పని.

అటక మీద పాత లెడ్జరు ఒకటి దొరికింది. గీతలు గీశాను. యాప్ పేరు, సైజు, గోడౌన్‌లో చేరిన టైము, ఇష్యూ, రిటర్న్, సంతకం. సంతకాలన్నీ నావే. అయినా సంతకం సంతకమే.

4:40. పద్దెనిమిది అయ్యాయి. ముందు ఇన్‌స్టాలర్ కార్డులోకి, తర్వాత యాప్ తీసివేత. తీసేటప్పుడల్లా ఫోను ఏదో అడుగుతోంది. ఓకే నొక్కుతున్నాను.

వాతావరణం – 38 ఎంబీ
రైలు టికెట్ – 24
బ్యాంకు – 112 (బ్యాంకు కదా, లావుగానే ఉంటుంది)
గ్యాస్ బుకింగ్ – 29
కాకరకాయ – 17
బైబిల్ – చేయి రాలేదు. ఫోనులోనే ఉండనీ.
రికార్డర్ – 11

రికార్డర్ దగ్గర ఆగాను. పదకొండు ఎంబీ! నలభై పాటలు, సామ్యూల్ గొంతు, మధ్యలో వాడి దగ్గులు, మా డాబా మీది కాకులు, అన్నీ కలిపి పదకొండు ఎంబీ! ఎంత పొందికగా మడత పెట్టారో! రోసమ్మను పిలిచి చూపించాను.

"నలభై పాటలు అంతలో ఎలా పడతాయండీ?" అంది.

టెక్నాలజీ అన్నాను. ఓకే నొక్కాను.

అద్భుతం! అది తీయగానే ఫోనులో ఒక్కసారిగా రెండు జీబీ ఖాళీ అయింది. పదకొండు ఎంబీ తీస్తే రెండు జీబీ! పద్ధతిగా ఉండేవాడికి దేవుడే కలిసొస్తాడు.

6:15. ముప్పై ఐదు యాప్‌లు గోడౌన్‌లో. మొత్తం ఖాళీ తొమ్మిది జీబీ!! సామ్యూల్ ఇంటికి ఫోన్ చేశాను. వాడి భార్య క్యారల్ ఎత్తింది. "మీ ఆయన పాటలు గోడౌన్‌లో భద్రం అని చెప్పమ్మా" అన్నాను. వెనకాల టేబుల్ మీద రెండుసార్లు కొట్టిన చప్పుడు. సంతోషమైతే వాడు ఇప్పుడు అలాగే కొడతాడు.

నవంబర్ 3, సోమవారం

6:00 వాతావరణం యాప్ ఇష్యూ.
6:07 ఎక్కింది. "ఎండ" అంది.
6:09 రిటర్న్.

"కిటికీ తెరిస్తే తెలిసేది" అంది రోసమ్మ. కిటికీకి రిజిస్టర్ లేదు కదా.

ఎక్కించే ప్రతిసారీ ఫోను, "ఈ ఫైలు ఎక్కడిదో తెలియదు, హాని జరగవచ్చు" అంటోంది. పెట్టింది నేను. నాకే చెప్తోంది.

పాడే గంట: రేపటి నుంచి. ఈ రోజు రిజిస్టర్ ఫెయిర్ కాపీ రాయాల్సి వచ్చింది.

నవంబర్ 4, మంగళవారం

బ్యాంకులో లైఫ్ సర్టిఫికెట్ పని. నవంబర్ వచ్చిందంటే పెన్షనర్లందరం బతికే ఉన్నామని చూపించుకోవాలి.

9:35 మల్కాజ్‌గిరి స్టేషన్. రైలు టికెట్ యాప్ ఇష్యూ.
9:41 ఎక్కింది. లాగిన్ అడిగింది. పాస్‌వర్డ్ అడిగింది. మొన్నటి దాకా ఏమీ అడిగేది కాదు, నన్ను చూస్తే చాలు తెరుచుకునేది.
9:46 ఓటీపీ పంపించామంది.
9:48 సికింద్రాబాద్ లోకల్ వచ్చింది.
9:49 ఓటీపీ వచ్చింది.
9:49 లోకల్ వెళ్లిపోయింది.

కౌంటర్లో నిలబడి కాగితం టికెట్ కొన్నాను. క్యూలో నా వెనకాల ఆవిడ, "గా ఫోన్ల చేసుకోవచ్చు గద తాతా" అంది. తాతా!

బ్యాంకులో లైఫ్ సర్టిఫికెట్ యాప్ ఇష్యూ చేశాను. "ఇది పాత వెర్షన్, పనిచేయదు" అంది. రెండు రోజుల కిందటే కదా గోడౌన్‌లో పెట్టింది! రెండు రోజులకే ముక్కిపోయే సరుకు నా సర్వీసులో చూడలేదు. నేను బతికే ఉన్నానని కౌంటర్లో అమ్మాయికి ఎలా నిరూపించాలా అని తంటాలు పడుతుంటే, ఆ అమ్మాయే, "అంకుల్, మీరు ఎదురుగానే ఉన్నారు కదా, ఫారం మీద సంతకం పెట్టండి" అంది.

పాడే గంట: అలసిపోయాను.

నవంబర్ 5, బుధవారం

బ్యాంకు యాప్‌ను నాలుగోసారి ఎక్కించేసరికి, "అనుమానాస్పదం, ఇరవై నాలుగు గంటల తర్వాత రండి" అంది. నన్ను దొంగ అనుకుంటోంది. ఒక విధంగా మెచ్చుకోవాలి, కాపలా గట్టిగానే ఉంది.

రోసమ్మ ఒక కాగితం ఇచ్చింది. "ఇండెంట్ నం. 1. కావలసినది: వీడియో కాల్ యాప్. పని: మా చెల్లెలితో మాట్లాడాలి, నా ఫోను చార్జింగులో ఉంది. ఎప్పటికి: ఇప్పుడే." రెండు ప్రతులు కావాలన్నాను. మధ్యాహ్నం కాఫీ రాలేదు. అడిగితే, "రెండు ప్రతుల్లో అడగండి" అంది.

నవంబర్ 6, గురువారం

చిన్న సవరణ. మా డిపోలో కూడా రోజూ వాడే పనిముట్లు "పర్మనెంట్ ఇష్యూ" కింద వర్క్‌షాపులోనే ఉండేవి. కాబట్టి రైలు టికెట్, బ్యాంకు, గ్యాస్, వీడియో కాల్, వాతావరణం పర్మనెంట్ ఇష్యూ. ఇది ఓటమి కాదు, నిబంధన.

సాయంత్రానికి పర్మనెంట్ ఇష్యూ పందొమ్మిది. కాకరకాయతో కలిపి. ఆ యాప్ రోసమ్మదే అని తేలింది.

"డాడీ, ఇంతకీ పాట ప్రాక్టీసు చేశావా?" అంది అక్సా. రేపు ఎలాగూ క్వయర్ ఉంది కదా అన్నాను.

నవంబర్ 7, శుక్రవారం

5:05 ప్రాక్టీసు ఆరున్నరకి. రికార్డర్ ఇష్యూ. ఈ వారం ఒక్కసారి కూడా పాడలేదు. వెళ్లేలోపు 27 ఒకసారి వింటే చాలు.
5:12 ఎక్కింది.
5:13 తెరిచాను. తెల్లగా ఉంది. మధ్యలో మైకు బొమ్మ. దాని కింద, "ఇంకా ఏ రికార్డింగూ లేదు. మొదటిది మొదలుపెట్టండి."
5:15 మూసి తెరిచాను.
5:22 తీసేసి మళ్లీ ఎక్కించాను.
5:31 కార్డు బయటికి తీసి, చొక్కాకు తుడిచి పెట్టాను.
5:40 లేవు.
5:41 లేవు.

ప్రాక్టీసుకు వెళ్లలేదు. తలనొప్పి అని చెప్పాను. చెప్పాక నిజంగానే వచ్చింది.

నవంబర్ 8, శనివారం

షాపు తెరవకముందే వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. హేమచంద్ర రాగానే ఫోను చేతిలో పెట్టాను.

"సార్, ఇన్‌స్టాలర్ అంటే ఖాళీ డబ్బా లెక్క" అన్నాడు. "డబ్బా ఎన్నిసార్లన్నా దొరుకుతది. లోపట మీరు పెట్టుకున్న సామాన్, యాప్ తీసేసినప్పుడే పోయింది. ఫోన్ అడిగి ఉంటది గద, లోపటియన్నీ సుత పోతయి, ఓకేనా అని?"

అడిగింది. ముప్పై ఐదు సార్లు అడిగింది.

"ఆ రోజే చెప్దామనుకున్న సార్. మీరు డిపో ముచ్చట చెప్తున్నరు."

పోయినవాటిని వెతికే సాఫ్ట్‌వేర్ ఏదో పెట్టి గంటన్నర చూశాడు. నేను పక్కనే నిలబడి ప్రార్థన చేశాను. ఒక సొరకాయ ఫోటో దొరికింది. పాటలు దొరకలేదు. "వారం దినాలల్ల యాప్‌లు మస్తుసార్లు ఎక్కినయి, దిగినయి. వాటి కింద పడి పోయినయి సార్. పరేషాన్ కాకుండ్రి" అన్నాడు. ఎక్కించింది, దించింది ఎవరు? రిజిస్టర్లో ప్రతిదానికీ నా సంతకం ఉంది.

డిపోలో డబ్బా వెనక్కి వస్తే, మూత తీసి లోపలి సామాను లెక్కపెట్టాకే తీసుకునేవాణ్ణి. ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.

మధ్యాహ్నం 3:00. తప్పు ఎవరిది?
1. ఫోనుది. ఎర్ర అక్షరాల్లో అడగాల్సింది.
2. హేమచంద్రది. నన్ను ఆపి చెప్పాల్సింది.
3. అక్సాది. ఇంట్లో కంప్యూటర్ ఉద్యోగి ఉండీ ఏం లాభం.
4. సామ్యూల్‌ది. ఈ రోజుల్లో బటన్ ఫోను ఏమిటి?

నాలుగోది కొట్టేశాను. తర్వాత మిగతా మూడూ కొట్టేశాను.

నవంబర్ 9, ఆదివారం

ఆరాధన అయ్యాక సామ్యూల్ వరండాలో ఎదురుపడ్డాడు. చెవి దగ్గరికి వంగి, "ఇరవై ఏడు... ఎట్లుంది?" అన్నాడు. ఆ మూడు మాటలకే మెడ నరాలు బిగుసుకున్నాయి వాడికి.

"బ్రహ్మాండం" అన్నాను.

"భద్రమేనా?"

"గోడౌన్‌లో ఉన్నాయి."

నా చేయి పట్టుకుని నొక్కాడు. ఆదివారం పూట, చర్చి వరండాలో, అరవై రెండేళ్ల వయసులో అబద్ధం చెప్పాను. ఇంటికొచ్చి బిర్యానీ తినలేదు. రోసమ్మ నుదురు పట్టి చూసింది. జ్వరం లేదు.

నవంబర్ 11, మంగళవారం

పండుగ దగ్గరపడిందని అదనపు ప్రాక్టీసు. మూడో చరణం వచ్చింది. అందరూ ఆగారు. నేనూ ఆగాను.

"అన్నా, మీరే" అన్నారు మేబెల్ గారు.

మొదటి లైను సగం వచ్చింది. మిగతాది టెనర్ల గొంతులో కలిసిపోయింది.

"సామ్యూలన్న రికార్డింగు వింటున్నారా?"

"రోజూ."

రెండో అబద్ధం. వాకింగ్ మానేశాను. చెవిలో ఏమీ లేకుండా నడవబుద్ధి కావడం లేదు.

నవంబర్ 12, బుధవారం

రాయడానికి ఏమీ లేదు. ఉంది గానీ రాయను.

నవంబర్ 13, గురువారం

రోసమ్మ లెడ్జరు దులుపుతూ చూసిందట. రికార్డర్ వరసలో నేను రాసిన ముక్క. "డబ్బా ఉంది. సరుకు లేదు." తెచ్చి నా ముందు పెట్టింది. అంతా చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"డాడీ, ఒక్క మాట అడిగితే ముందే కాపీ తీసిపెట్టేదాన్ని కదా" అంది అక్సా. తర్వాత రెండు గంటలు తన పని మానుకుని చర్చి వీడియోలన్నీ వెతికింది. అన్నింట్లో క్వయర్ మొత్తం ఒకేసారి పాడుతోంది. సామ్యూల్ గొంతు అందులో ఎక్కడో ఉంది, విడిగా రాదు.

"సామ్యూల్ అన్నయ్యగారికి ఎవరు చెప్తారు? మీరా, నేనా?" అంది రోసమ్మ.

"పండుగ అయ్యాక చెప్తా. ఇప్పుడే ఎందుకు బాధపెట్టడం?"

"ఆయన బాధ కోసమా, మీ భయం కోసమా?"

లెడ్జరు మూసేశాను. నలభై ఏళ్ల కాపురంలో ఈవిడ ఇలాంటి ప్రశ్నలు చాలా అడిగింది.

నవంబర్ 14, శుక్రవారం

కౌంటర్లో టికెట్ కొనుక్కుని బొల్లారం వెళ్లాను. క్యారల్ తలుపు తీసింది. సామ్యూల్ వసారాలో పేపరు చదువుతున్నాడు. నన్ను చూసి మొహమంతా నవ్వు. కూర్చోమని చేయి చూపించాడు. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను.

"సామ్యూలూ, నీ పాటలు పోగొట్టానురా. నలభైకి నలభై."

కార్డు సంగతి, రిజిస్టర్ సంగతి, ఓకే నొక్కిన సంగతి, వరండాలో అబద్ధం సంగతి కూడా చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు వాడు. ఆపడానికి గొంతు లేదు కదా, ఆ మాట గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

అంతా విని లేచాడు. పెరట్లోకి వెళ్లాడు. కొళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపు నీళ్లు పోతూనే ఉన్నాయి.

క్యారల్ టీ తెచ్చి, నెమ్మదిగా అంది. "ఆయన అవి ఒక్కటి సుత వినలే అన్నా. రేడియోల పాట వస్తేనే బంద్ చేస్తడు. కోత పండుగ అయినంక జీవరాజు ఫోన్ల వింట, అప్పటికి జెర ధైర్యం వస్తది అన్నడు."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. వాళ్ల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతిలో టీ కప్పుతో. క్యారల్ కప్పు తీసి పక్కన పెట్టింది.

సామ్యూల్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"పాడు."

"ఏది?"

"ఒకటో నంబరు."

"నాకు రావురా. నువ్వు చెవిలో ఉంటేనే..."

"ఐదు నెలలు విన్నవ్." కాస్త ఆగి ఊపిరి కూడగట్టుకున్నాడు. "పాడు."

పాడాను. వాడి వేలు టీపాయ్ మీద తాళం వేస్తోంది. తప్పు పాడితే వేలు ఆగుతుంది. వెనక్కి వెళ్లి మళ్లీ పాడాలి. ఒకటి అయింది. రెండు అయింది. మూడుకి వేలు నాలుగుసార్లు ఆగింది. పదకొండు దగ్గర క్యారల్ పప్పు దించి వచ్చి గుమ్మంలో కూర్చుంది. పందొమ్మిది తర్వాత భోజనం. నేను ఎక్కువ తిన్నాను, వారం రోజుల ఆకలి. మళ్లీ మొదలు.

ఇరవై ఏడు. మూడో చరణం. నాలుగు లైన్లు.

వేలు ఒక్కసారి కూడా ఆగలేదు.

నాలుగు గంటలకు నలభై అయ్యాయి. ముప్పై ఒకటి వచ్చాయి. తొమ్మిది నాకు అసలు గుర్తు లేవు. వాడు పేపరు అంచు మీద రాసి చూపించాడు. "స్టాక్ వెరిఫికేషన్. ఉన్నవి 31. షార్ట్ 9." కింద నా సంతకానికి గీత గీశాడు.

నవ్వాను. వాడూ నవ్వాడు. వాడి నవ్వుకు చప్పుడు లేదు, భుజాలు మాత్రం ఊగుతాయి. సంతకం పెట్టాను. పెన్ను తీసుకుని ఇంకో ముక్క రాశాడు. "ఇంకోసారి నాకు అబద్ధం చెప్తే తంతా."

నవంబర్ 16, ఆదివారం
మధ్యాహ్నం 3:30

కోత పండుగ. ఆరాధన బల్ల ముందు కానుకలుగా గుమ్మడికాయలు, అరటి గెలలు, చెరుకు గడలు, బుట్టలో రెండు కోళ్లు. ప్రార్థనలో అందరూ తలలు వంచితే కోళ్లు మాత్రం వంచలేదు.

పాడాను. మూడో చరణం వచ్చింది. సామ్యూల్ మూడో వరసలో కూర్చున్నాడు. వాడి వైపు చూడలేదు, చూస్తే ఆగిపోతాను. నాలుగు లైన్లు వాటంతట అవే వెళ్లిపోయాయి.

అయ్యాక మేబెల్ గారు నా దగ్గరికి వచ్చారు. కోపమో ఏమిటో అర్థం కాలేదు.

"అన్నా, రెండో లైను మధ్యలో ఊపిరి తీసుకున్నారు. అక్కడ తీసుకోకూడదు, మాట విరిగిపోతుంది. సామ్యూలన్నకి ఎన్నేళ్లు చెప్పానో! ఎన్నిసార్లు చెప్పినా అక్కడే తీసుకునేవారు." కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు. "ఈ రోజు అక్కడ ఆ ఊపిరి వినగానే, మీ పక్కన ఆయన నిలబడ్డారేమోనని చూశాను."

నాకు ఆ సంగతే తెలియదు. అక్కడ ఊపిరి తీసుకోవడం తప్పని ఎవరూ చెప్పలేదు. పాట అంటే అదే అనుకున్నాను.

బయట వేపచెట్టు కింద సామ్యూల్‌కి చెప్పాను. కళ్లార్పకుండా విన్నాడు.

"మళ్ల చెప్పు."

మళ్లీ చెప్పాను. క్యారల్‌ను పిలిచి, ఆమెకు కూడా చెప్పమని నా భుజం తట్టాడు. మూడోసారి చెప్పాను. వాడు గుండె మీద చేయి వేసుకుని, చుట్టూ ఉన్నవాళ్లకు వినపడకపోయినా సరే, గుసగుసగా అన్నాడు.

"గా తప్పు నాదే."

అంత గర్వంగా తప్పు ఒప్పుకున్న మనిషిని నేను చూడలేదు.

ఆ కానుకల వేలంలో నేను అతి పెద్ద గుమ్మడికాయ పాడుకున్నాను. ఎందుకో తెలియదు. చాలా సంతోషంగా ఉన్నాను. రోసమ్మ దాన్ని చూసి, "దీనికి స్థలం ఎక్కడుందండీ?" అంది.

నవంబర్ 17, సోమవారం
ఉదయం 6:10

ఈ రోజు నుంచి కొత్త జీవితం.

తీర్మానం:
1. రోజుకొక పాట నా గొంతుతో రికార్డు చేస్తాను. వచ్చిన ముప్పై ఒకటీ. ఊపిర్లతో సహా.
2. మిగతా తొమ్మిదీ శుక్రవారాలు బొల్లారం వెళ్లి నేర్చుకుంటాను. వాడు సోల్ఫా కాగితం మీద రాస్తాడు, వేలితో చెప్తాడు.
3. ప్రతి రికార్డింగుకూ మూడు కాపీలు. మెమరీ కార్డు, అక్సా లాప్‌టాప్, రోసమ్మ ఫోను. కాపీ తీశాక తెరిచి, మొదటి నుంచి చివరి దాకా విని, అప్పుడే రిజిస్టర్లో సంతకం.
4. క్రిస్మస్ దాకా కొత్త ఫోను కొనను.

7:20 కార్డులో ఉన్న ముప్పై ఐదు ఇన్‌స్టాలర్లూ తీసేశాను. గోడౌన్ శుభ్రం.
7:30 డాబా మీద కుర్చీ. రోసమ్మ ఫోను స్పీకర్లో బొల్లారం. అటు క్యారల్ ఫోను పట్టుకుంది. సామ్యూల్ దగ్గర చెంచా, పళ్లెం. నా ఫోనులో రికార్డర్.
7:34 పాట నంబరు ఒకటి. మొదలు.
7:36 "స్థలం లేదు" అంది ఫోను. ఈ పది రోజుల్లో మిగతా యాప్‌లు కూడా పర్మనెంట్ ఇష్యూలోకి వచ్చేశాయి మరి, కొత్త వెర్షన్లేమో ఇంకా లావు.
7:37 ఫోనులో చెంచా టకటకా కొట్టుకుంటోంది. సామ్యూల్ నవ్వుతున్నాడని క్యారల్ చెప్పింది. కింద నుంచి అక్సా, "డాడీ, కొత్త ఫోను చూడమంటావా?" అని అరిచింది. వద్దన్నాను.
7:41 కాకరకాయ యాప్ తీసివేత. ఫోను ఏదో అడిగింది. కళ్లజోడు తెచ్చుకుని మొత్తం చదివాను. రోసమ్మను పైకి పిలిచి, తన చేతే ఓకే నొక్కించాను.
7:50 మళ్లీ పాట నంబరు ఒకటి. రెండో లైనులో చెంచా ఆగింది.
7:51 మళ్లీ మొదటి నుంచి.